గుణుపురంలో ఒక్క గోలు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో ఫుట్‌బాల్ ఆట మన పర్లాకిమిడివాళ్ళు 1-0తో గెలిచారని నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ గొంతులో సంతోషం ఎంత ఉందో, సణుగుడూ అంతే ఉంది. "గెలిచాం గానీ మావయ్యా, సెకండాఫంతా తన్నులే తిన్నాం. కోచ్ భయపడిపోయాడు. బతుకు జీవుడా అని బయటపడ్డాం" అన్నావు. తిరుగు ప్రయాణంలో కాశీనగర్ దాటేదాకా మీ బండిలో కుర్రాళ్ళంతా కోచ్‌ని తిడుతూనే ఉన్నారట. ఫోన్లో వాదిస్తే నువ్వు వినవు. అందుకే అప్పుడు ఊరుకుని, నువ్వు పంపిన వీడియో తాపీగా చూసి ఇది రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్. అదే వీడియో నువ్వూ ఇంకోసారి చూడు, సౌండ్ పూర్తిగా తీసేసి చూడు. ఫోన్ పట్టుకున్నవాడి పక్కనే మీ స్నేహితుడొకడు నిలబడి, బంతి మన సగంలోకి వచ్చిన ప్రతిసారీ "అయిపోయింది, అయిపోయింది" అని గోల పెడుతున్నాడు. ఆ అరుపుతో చూస్తే త్రో కూడా గోలులాగే కనపడుతుంది. ఆట జరిగిన రాత్రి మనం చెప్పుకునేదంతా ఆ టెన్షన్ గురించే, ఆట గురించి కాదు. ఒక రాత్రి పడుకుని లేచాక, సౌండ్ లేకుండా చూస్తూ ఒకటే లెక్క వేసుకో: వాళ్ళు మన పెనాల్టీ బాక్సు లోపలికి వచ్చి కొట్టినవెన్ని, బయట నుంచి కొట్టినవెన్ని?

నాకు కనపడింది చెప్తాను. వాళ్ళు మన బాక్సు చుట్టూ చాలాసేపు తిరిగారు, నిజమే. కానీ లోపల ఖాళీ దొరికి కొట్టిన బంతులు చాలా తక్కువ. మిగతావన్నీ దారి దొరక్క దూరం నుంచి బలం కొద్దీ తన్నినవి. వాటిలో సగం పోస్టు వెనక చింతచెట్టుకే తగిలాయి. చెట్టుకి తగిలిన ప్రతి బంతికీ గ్రౌండంతా "హో" అంటుంటే, మీకేమో గోలు తృటిలో తప్పినట్టు అనిపించింది.

ఇప్పుడు ఎడమవైపు కాచే మన లెఫ్ట్ బ్యాక్‌ని చూడు. ఆ పొట్టి కుర్రాడే, సాక్సులు ఎప్పుడూ మడమల దాకా జారిపోయి ఉంటాయి. సెకండాఫ్‌లో కాసేపు బంతిని వదిలేసి, వాడొక్కణ్ణే చూడు. వాడి మీదికి వచ్చిన గుణుపురం కుర్రాడు ఎడమకాలి వాడు. కుడివైపు గీత పక్కన ఆడుతూ లోపలికి తిరిగి ఎడమకాలితో కొట్టడమే వాడికి తెలిసిన విద్య. మనవాడు అది ఫస్టాఫ్‌లోనే కనిపెట్టాడు. సెకండాఫ్ మొదలైన దగ్గర్నుంచి లోపలి దారికి అడ్డంగా ఒళ్ళు పెట్టి నిలబడి, గీత పక్క దారి వాడికే వదిలేశాడు. "పో, అటు పో" అన్నట్టు. ఆ కుర్రాడు ప్రతిసారీ గీత వెంటే పరిగెత్తి, రాని కుడికాలితో కొట్టి, బంతిని పోస్టు వెనక్కి పంపాడు. మనవాడు ఒక్కసారి కూడా కింద పడి కాలు వెయ్యలేదు. నువ్వు "తన్నులు తిన్నాం" అన్న ఆటలో ఇంత పని జరిగింది. దీన్ని అదృష్టం అంటే ఆ కుర్రాడికి అన్యాయం చేసినట్టే.

కోచ్ సంగతికి వద్దాం. ఫార్వర్డ్‌ని తీసేసి మధ్యలో ఇంకొకణ్ణి దింపాడని కదా మీ కోపం. ఆ మార్పుకి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు పక్కపక్కన పెట్టి చూడు. హెడర్ కొట్టాక కింద పడే బంతి ఎవరికి దొరుకుతోందో గమనించు. ముందు పది నిమిషాల్లో అది వాళ్ళకే దొరుకుతోంది. అలా దొరికిన ప్రతిసారీ మళ్ళీ మన గోలు మీదికే వస్తున్నారు. తర్వాత పది నిమిషాల్లో మన కొత్తవాడు సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. ఆ మార్పు మంచిదే. కాకపోతే కోచ్ ఇంకో పని కూడా చేశాడు, అది నాకూ నచ్చలేదు. ముందువైపు ఒక్కణ్ణి కూడా వదల్లేదు. పదకొండు మందీ మన బాక్సు దగ్గరే ఉంటే కొట్టిన బంతిని పట్టేవాడెవడు? గోడకి కొట్టినట్టు తిరిగొచ్చేసింది. ఉన్నవాళ్ళలో బాగా పరిగెత్తేవాణ్ణి ఒకణ్ణి సెంటర్ గీత దగ్గర నిలబెట్టి ఉంటే, వాడికి కాపలాగా వాళ్ళు ఇద్దర్ని వెనక ఉంచుకోవాల్సి వచ్చేది. ఈ మాట కోచ్‌కి చెప్పొచ్చు, చెప్పాలి కూడా. టీకొట్టు దగ్గర పదిమందిలో కాదు, ప్రాక్టీసు అయ్యాక పక్కకి పిలిచి చెప్పు.

ఇంకోటి. చివర్లో మన సెంటర్ హాఫ్ ఎవరూ తగలకుండానే కాలు పట్టుకుని పడిపోయాడు చూశావా? దానికి మీరంతా చప్పట్లు కొట్టారు, వీడియోలో వినపడింది. గెలుస్తున్నప్పుడు ఆటని నెమ్మదిగా నడిపించడం ఒక పద్ధతి. త్రోకి తీరిగ్గా వెళ్ళొచ్చు, బంతిని కార్నర్ జెండా దగ్గరికి తీసుకుపోయి అక్కడే కాళ్ళ మధ్య దాచొచ్చు, దానికెవరూ తప్పు పట్టరు. దొంగనొప్పి నటించడం మాత్రం వేరే. అది చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు, రేపు అవతలివాళ్ళు అదే చేస్తే తిట్టడానికి నోరెత్తకూడదు. మన గోలీకి కూడా చెప్పు. బంతిని గుండెకి హత్తుకుని అంతసేపు నిలబడ్డాడు కదా, 2025-26 సీజన్ నుంచి రూలు మారింది. చేతుల్లో బంతిని ఎనిమిది సెకన్లు దాటి ఉంచుకుంటే అవతలి జట్టుకి కార్నర్ ఇస్తారు. మన ఊళ్ళ రిఫరీలు ఇంకా అంత పట్టించుకోవడం లేదు. పట్టించుకునేవాడు ఒకడొచ్చిన రోజున, చివరి నిమిషంలో ఉత్తపుణ్యానికి కార్నర్ ఇచ్చుకుంటాం.

ఒక్క గోలు గెలుపుకి విలువెంత అన్నావు. మన భువనేశ్వర్ క్లబ్బు ఒడిశా ఎఫ్‌సీ సంగతే తీసుకో. 2023 నవంబర్లో ఆసియా క్లబ్బులు ఆడే ఏఎఫ్‌సీ కప్పులో కోల్‌కతా వెళ్ళి మోహన్ బగాన్‌ని 5-2తో కొట్టారు. ఇప్పటికీ నిన్ను కదిపితే అదే చెప్తావు. కానీ ఆ గ్రూపు మొత్తం చూడు. మొదట అదే మోహన్ బగాన్ భువనేశ్వర్ వచ్చి 4-0తో కొట్టిపోయింది. తర్వాత ఢాకాలో బసుంధరా కింగ్స్ చేతిలో 3-2తో ఓడారు. అంటే రెండు ఆటలకి సున్నా పాయింట్లు. అక్కణ్ణుంచి వరసగా నాలుగు గెలిచి గ్రూపులో మొదటి స్థానంలో నిలిచారు. ఆ నాలుగింటిలో రెండు ఒక్క గోలు తేడావే: మాల్దీవుల్లో మాలే వెళ్ళి మజియా క్లబ్బు మీద 3-2, డిసెంబర్లో కళింగ స్టేడియంలో బసుంధరా మీద 1-0. ఆ చివరి ఆటలో ఢాకావాళ్ళకి డ్రా చాలు. మన డిఫెండర్ మూర్తదా ఫాల్ తలతో కొట్టిన ఒక్క గోలు మనల్ని గట్టెక్కించింది. పట్టికలో 5-2కీ మూడే పాయింట్లు, మాలేలో గెలిచిన 3-2కీ మూడే. మాలే ఆట గురించి మాట్లాడేవాడు మాత్రం నాకు బరంపురంలో ఒక్కడూ దొరకడు.

అవతలి ఊరి గ్రౌండులో చివరి అరగంట ఎలా ఉంటుందో మీ కుర్రాళ్ళకి చెప్పాలంటే నేను 1962 జకార్తా కథ చెప్తాను. ఆసియా క్రీడల ఫైనల్, సెప్టెంబర్ 4, మనకీ దక్షిణ కొరియాకీ. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఇండోనేషియా రానివ్వలేదని మన దేశపు ఒలింపిక్ పెద్ద జి.డి. సోంధీ ఆ పోటీల గుర్తింపునే ప్రశ్నించాడు. దాంతో అక్కడి జనానికి మనమీద మండిపోయింది. మన రాయబార కార్యాలయం మీదకే గుంపులు వెళ్ళాయి. ఫైనల్ రోజున స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకి ఎదురే. జనగణమన పాడుతున్నప్పుడు కూడా ఎగతాళి కేకలు. అదే కొరియా గ్రూపు ఆటలో మనల్ని 2-0తో ఓడించింది కూడా. కోచ్ రహీం సాబ్ మన హైదరాబాద్ మనిషి, అప్పటికే ఒంట్లో క్యాన్సర్ ఉంది, మరుసటి ఏడాదే పోయాడు. జట్టులో బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి కుట్లు పడితే, రహీం అతన్ని ఇంట్లో కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ఆడించాడు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలతోనే ఆడుతున్న జర్నైల్ ఒకటి కొట్టారు. తర్వాత గంటకి పైగా కాచుకున్నారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టింది. 2-1, అయినా బంగారు పతకం మనదే. ఆ స్టేడియంలో మనవైపు అరిచింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళు. ఆ రోజు సెకండాఫ్ అందంగా ఆడారా లేదా అని ఈ అరవై ఏళ్ళలో నన్నెవరూ అడగలేదు.

అలాగని గుణుపురాన్ని జకార్తా చెయ్యకు. తాడు కట్టిన గ్రౌండు, గీత మీదే కూర్చున్న పిల్లలు, బంతి బయటికెళ్తే ఇవ్వకుండా ఆడుకునే ఇద్దరు ఆకతాయిలు, అంతే కదా. వాళ్ళు ఒడియాలో తిట్టారని, సవరలో తిట్టారని ఫోన్లో పెద్ద పట్టీ చదివావు. మన గ్రౌండులో అవతలివాళ్ళు తెలుగులో ఏం వింటారో నాకు తెలియదనుకున్నావా? రిఫరీ తప్పులు కూడా నువ్వు మనకి వ్యతిరేకంగా ఇచ్చినవే చెప్పావు. వీడియోలో మన గోలుకి ముందు మన కుర్రాడు వాళ్ళ బ్యాక్ చొక్కా లాగాడు, రిఫరీకి కనపడలేదు. అదీ చెప్పు.

గెలిచాక అక్కడే టపాకాయలు కాల్చాలని ఎవరో అంటే నువ్వు వద్దన్నావట. మంచి పని చేశావు. మీ పెద్దమ్మ కోడలు ఆ ఊరి పిల్లే. పర్లాకిమిడిలో సగం ఇళ్ళకి గుణుపురం వైపు చుట్టరికాలున్నాయి. గెలిచినవాళ్ళం మనమే కాబట్టి, వెళ్ళి వాళ్ళ గోలీకి చెయ్యిచ్చి, నీళ్ళబాటిల్ ఒకటి అడిగి పుచ్చుకుని బండెక్కితే చాలు.

పైగా ఇంకా ఏమీ అవ్వలేదు, రెండో ఆట మన గ్రౌండులో ఉంది, రెండు ఆటల గోల్సూ కలిపే లెక్క. 2024 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సెమీస్ గుర్తుందా? భువనేశ్వర్లో మోహన్ బగాన్ మీద 2-1తో గెలిచి ఐదు రోజులు కాలర్ ఎగరేశాం. కోల్‌కతాలో 2-0తో ఓడి, మొత్తం మీద 3-2తో ఇంటికొచ్చాం. రెండో గోలు ఆట చివర్లో కలిపిన ఇంజూరీ టైంలో పడింది. మీ కుర్రాళ్ళకి ఒక్క గోలు ఆధిక్యం అంటే ఏమిటో ఇది చూపించు. మనం ఏమీ కొట్టకపోతే, గుణుపురంవాళ్ళు మన దగ్గర ఒకటి కొడితే సమానం, రెండు కొడితే మనం బయటికి. అందుకని ఇంట్లోనూ తలుపులు మూసుక్కూర్చుంటే కుదరదు. ఆ ఎడమకాలి కుర్రాడు ఈసారి గీత పక్కన ఉండకపోవచ్చు. వాళ్ళ కోచ్ కూడా వీడియో చూస్తాడు కదా, మధ్యలోకి మారుస్తాడు. మన లెఫ్ట్ బ్యాక్ తయారుగా ఉండాలి. సాక్సులు పైకి లాక్కోమని కూడా చెప్పు, పిక్కలు కనపడుతున్నాయి.

ఏర్పాట్ల సంగతి నువ్వు చూసుకో. తాడుని గీతకి రెండడుగుల అవతల కట్టించు. లైన్స్‌మన్లలో ఒకణ్ణి వాళ్ళనే తెచ్చుకోమను, తర్వాత ఆఫ్‌సైడ్ గొడవలుండవు. వచ్చినవాళ్ళకి ముందు టీ, బిస్కట్టు, నీడలో కుర్చీలు. సెకండాఫ్‌లో ఎండ ఎటు పడుతుందో ఒకరోజు అదే సమయానికి వెళ్ళి చూసి కెప్టెన్‌కి చెప్పు, టాస్ గెలిస్తే పనికొస్తుంది. తేదీ ఖాయమవ్వగానే ఫోన్ చెయ్. బరంపురం నుంచి పొద్దుటి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడుంటాను. నేనొస్తున్నానని అమ్మకి మాత్రం ముందురోజే చెప్పు, ఆఖరి నిమిషంలో చెప్తే నీకూ నాకూ కలిపి చీవాట్లు పెడుతుంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య