లెక్కల క్లాసులో కొట్లాట పుట్టాలి

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు కృత్యాలతో, అంటే పిల్లలే చేతులతో చేసి నేర్చుకునే పనులతో, లెక్కలు చెబితే నిజంగా ఆసక్తి పెరుగుతుందా, సిలబస్ వెనకబడిపోదా అని మీరు అడిగారు. నేను నర్సంపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పెరుగుతుంది. అయితే అన్ని కృత్యాలకూ పెరగదు. ఏ కృత్యం మధ్యలో పిల్లలు గొంతు పెంచి ఒకరితో ఒకరు కొట్లాడుకుంటారో అదొక్కటే పనిచేస్తుంది. ఈ మాట నేను ఏ ట్రైనింగ్‌లోనూ వినలేదు, నా క్లాసులోనే నేర్చుకున్నాను.

ఎనిమిదో తరగతికి వైశాల్యాల పాఠం మొదలుపెట్టిన రోజు సంగతి చెబుతాను. దసరా సెలవులకు ముందు, వాన పడి నేల మెత్తగా ఉంది. "గుంట జాగ అంటే ఎంత?" అని అడిగాను. మా పిల్లల ఇళ్లల్లో పొద్దున లేస్తే గుంటలు, ఎకరాల ముచ్చటే. "నలభై గుంటలైతే ఎకరం" అని క్లాసంతా ఒక్కసారిగా అన్నారు. మరి ఒక గుంట ఎంత ఉంటుందో చూపించండి అంటే ఒకమ్మాయి "మా ఇల్లంత" అంది, ఇంకొకడు "మన స్టేజీ అంత" అన్నాడు, మరొకడు గ్రౌండు సగం చూపించాడు. నలభైతో గుణించడం వచ్చు, భాగించడం వచ్చు, కానీ గుంట ఎంతో కంటికి తెలియదు.

గుంట అంటే 33 అడుగుల పొడుగు, 33 అడుగుల వెడల్పు. గజాల్లో 11కు 11, అంటే 121 చదరపు గజాలు. అడుగుల్లో 1,089. దాన్ని నలభైతో గుణిస్తే ఎకరానికి 43,560 చదరపు అడుగులు. ఇదంతా బోర్డు మీద రాస్తే రెండు నిమిషాల పని. నేను రాయలేదు. ఒక పొడుగాటి పగ్గం, నాలుగు కట్టె మేకులు, పీఈటీ సార్ దగ్గర టేపు, ఒక డబ్బాలో ముగ్గు తీసుకుని ముప్పై నాలుగు మందినీ గ్రౌండుకు తీసుకెళ్లాను. పగ్గానికి 33 అడుగులకొక ముడి వేయించాను. నలుగురు నాలుగు మూలల్లో నిలబడి ముడి దగ్గర పట్టుకుని లాగాలి, మేకులు కొట్టాలి, ముగ్గు పోయాలి.

పోశారు. నేను చెట్టు కింద నుంచి చూసి "శభాష్, గుంట వచ్చింది" అన్నాను.

"గుంట తక్కువున్నది మేడం."

అన్నది ఎవరో కాదు, చివరి బెంచీ పిల్లవాడు. వాళ్ల నాన్న సుతారి పని, అంటే తాపీ పని, చేస్తాడు. వారంలో రెండు రోజులు ఈ అబ్బాయి బడికి రాడు, నాన్న వెంట సిమెంటు కలపడానికి పోతాడు. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో ఇరవైకి ఆరు మార్కులు వచ్చాయి.

"ఎట్ల తక్కువుంటదిరా, నాలుగు దిక్కుల ముప్పై మూడేనాయె" అన్నాడు పగ్గం పట్టుకున్నవాడు.

"మూల కుదరలే. మా బాపు ఇంటికి ముగ్గు పోసేటప్పుడు అడ్డం కొలుస్తడు."

టేపు తీసుకుని ఈ మూల నుంచి ఆ ఎదురు మూలకు పట్టాడు. 54 అడుగులు. రెండో జత మూలలకు పట్టాడు. దగ్గర దగ్గర 38. నాలుగు భుజాలూ సమానమే, కానీ ఆకారం చతురస్రం కాలేదు, పక్కకు ఒరిగి సమచతుర్భుజం అయింది. నేను శభాష్ అన్నది దాన్ని చూసే. ఎమ్మెస్సీ చదివిన నా కంటికి కనిపించని ఒంపు వాడి కంటికి కనిపించింది.

అప్పుడు మొదలైంది కొట్లాట. సగం మంది ఒకటే మాట: పగ్గం మొత్తం 132 అడుగులు, అది పెరగలేదు, తగ్గలేదు, మరి లోపలి జాగ ఎట్ల తగ్గుతది? పొడుగు అంతే, చుట్టు అంతే. మిగతా సగం మంది సుతారి పిల్లవాడి వైపు. వాడు మాత్రం "తగ్గుతది" అంటాడే గానీ ఎందుకో చెప్పలేకపోయాడు. నోట్‌బుక్కులు తెరిచి చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా ఏమిటో చూడమని నేను అనబోయాను. అనకపోవడమే మంచిదైంది.

ఒకమ్మాయి, క్లాసులో నోరెత్తని అమ్మాయి, మేకులు పీకేసి నాలుగు మూలల పిల్లలకూ "పగ్గం ఇడ్వకుండ్రి, నేను చెప్పినట్టు నడువుండ్రి" అంది. ఎదురెదురు మూలల ఇద్దరినీ దూరం జరగమంది, మిగతా ఇద్దరినీ దగ్గరికి రమ్మంది. ఇంకా, ఇంకా అని పిలిచింది. ఆ ఇద్దరి భుజాలు తగిలేదాకా పిలిచింది. పగ్గం రెండు వరసలుగా ఒకదానికొకటి ఆనుకుని సాగింది.

"ఇప్పుడు పగ్గం ఎంతున్నది? అంతే ఉన్నది. జాగ ఏది?"

ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు ముగ్గురు వంగి ఆ రెండు పగ్గాల మధ్య నేలను చూశారు, నిజంగానే జాగ ఏమైనా మిగిలిందా అని వెతికినట్టు.

తరవాత లెక్క వాళ్లే అడిగారు. నేను బలవంతంగా చెప్పలేదు, "మేడం, మరి ఎంత పోయింది?" అని వాళ్లే అడిగారు. సమచతుర్భుజం వైశాల్యం అంటే రెండు కర్ణాల, అంటే ఎదురెదురు మూలలను కలిపే గీతల, లబ్ధంలో సగం. 54ను 38తో గుణించి సగం చేస్తే 1,026. గుంటకు 1,089 ఉండాలి. 63 చదరపు అడుగులు పోయాయి, అంటే ఏడు గజాలు. "గజం పదివేలు పెట్టినా డెబ్బై వేలు" అన్నాడొకడు వెంటనే. వాళ్ల ఊరి పక్కనే వెంచర్ పడింది, ఆ ధరలన్నీ నోటికి వచ్చు. ఈ సూత్రం నేను ఆ రోజుకు అనుకున్నదే కాదు. మళ్లీ మేకులు కొట్టి, రెండు కర్ణాలూ ఒకటే వచ్చేదాకా జరిపారు. 46 అడుగుల 8 ఇంచుల దగ్గర రెండూ కలిశాయి. మర్నాడు క్లాసులో 33 వర్గానికి 33 వర్గం కలిపి 2,178, దానికి వర్గమూలం కడితే 46.67 వచ్చింది. ఆ పాయింటు ఆరు ఏడును ఇంచులు చేసి చూసి ఎనిమిది రాగానే క్లాసంతా అరిచారు. పక్క గదిలో సోషల్ టీచర్ తలుపు దగ్గరికొచ్చి చూసి పోయారు.

ఆ తరవాత సమలంబ చతుర్భుజం, సమచతుర్భుజం రెండూ కలిపి మూడు పీరియడ్లలో అయిపోయాయి. అంతకుముందు సంవత్సరం అదే పాఠానికి నాకు ఎనిమిది పీరియడ్లు పట్టాయి. కాబట్టి సిలబస్ వెనకబడదు. గ్రౌండులో పోయిన రెండు పీరియడ్లు వడ్డీతో సహా తిరిగి వస్తాయి.

ఇక కృత్యం పేరుతో జరుగుతున్నదేమిటో కూడా చెప్పాలి. పైనుంచి ఎవరో ఒకరు ఫోటో అడుగుతారు. ఫోటోలో పిల్లలు గుండ్రంగా కూర్చోవాలి, మధ్యలో రంగురంగుల అట్టముక్కలు ఉండాలి, అందరూ నవ్వాలి. నా గుంట కృత్యం ఫోటో తీసుంటే పిల్లలు కొట్టుకుంటున్నారని సంజాయిషీ అడిగేవాళ్లు. ఎఫ్ఏలో ప్రాజెక్టుకు మార్కులున్నాయి. స్టేషనరీ షాపులో చార్టు కొని, అక్క చేతిరాతతో నింపి తెస్తే ఆ మార్కులన్నీ వచ్చేస్తాయి. పిల్లవాడు ఒక్క గీత కొలవడు. గోడకు పెద్ద టచ్ ప్యానెల్ కూడా వచ్చింది. దాంట్లో సమచతుర్భుజం తిరుగుతుంది, రంగు మారుతుంది, పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. అందులో లెక్క ఎప్పుడూ తప్పు రాదు. తప్పు రానిదాంతో ఎవరు కొట్లాడతారు?

నేనూ ఈ తప్పు చేశాను. ఆరో తరగతికి పూర్ణసంఖ్యలు చెప్పడానికి చింతగింజలు అరగదీయించి, నల్లవైపు ధనం, తెల్లవైపు రుణం అని వారం రోజులు ఆడించాను. బాగా ఆడారు. వారం తరవాత మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేయమంటే ఒక్కరూ చెప్పలేదు. వాళ్లకు అది అష్టాచెమ్మ లాంటి ఆట, లెక్కతో పని పడలేదు. మరుసటి ఏడాది చింతగింజలు పక్కన పెట్టి గోటీలు, అదే గోళీలు, తెచ్చాను. ఒకడి దగ్గర నాలుగు గోటీలున్నాయి, ఏడు బాకీ ఉన్నాడు. అంటే వాడి లెక్క మైనస్ మూడు. ఐదు బాకీలు మాఫీ అయ్యాయి, ఇప్పుడెంత? రుణమాఫీ అనే మాట తెలియని ఇల్లు మా మండలంలో లేదు. చేతిలో నాలుగు, బాకీ రెండు, మొత్తం ప్లస్ రెండు అని తేల్చారు. అంతలో బాకీ ఇచ్చినవాడు లేచి "మాఫీ అయితే వానికి పెరిగినయ్, మరి నా ఐదు ఏడికి వోయినయ్?" అని గొడవకు దిగాడు. ఆ గొడవ గంట కొట్టినా ఆగలేదు. రుణ సంఖ్యను తీసేస్తే ఎందుకు పెరుగుతుందో ఆ క్లాసుకు నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

శాతాలకైతే నా దగ్గర ఒకటే ఆయుధం, తక్‌పట్టీ. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి అమ్మినప్పుడు ఇచ్చే కాగితం. దాని మీద బరువు, ధర, హమాలీ, కోతలు అన్నీ ఉంటాయి. ఇంట్లో ఉంటే తెమ్మంటే పది మంది తెస్తారు. 2025-26 సీజన్లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి ధర, ఆ పైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత, 12 దాటితే సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కొనదు. తేమ 12 శాతం ఉన్న పత్తికి ఎంత వస్తుందని అడిగితే సగం క్లాసు 12 శాతం కోసేసింది, సగం నాలుగు శాతమే కోసింది. రెండు జట్లూ ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడిగి వచ్చి మళ్లీ వాదించుకున్నాయి. 7,785 రూపాయల 60 పైసలు సరైనదని తేలాక, ఆరు క్వింటాళ్ల మీద ఎంత పోయిందో ఒకమ్మాయి ఎవరూ అడక్కుండానే కట్టింది. 1,946 రూపాయల 40 పైసలు. "మా అమ్మ రెండు దినాలు ఎండవోస్తే వచ్చేటియి గివి" అంది. పాఠ్యపుస్తకంలో రాము పెన్నులు కొని అమ్ముతుంటాడు. ఆ రాముకు ఎంత లాభమొచ్చినా మా పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

మీ ప్రశ్నలో "ఆసక్తి" అని రాశారు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ వచ్చిన దగ్గర్నుంచి నా పిల్లలు రెండు భాషల్లోనూ సూత్రాలు బట్టీ పట్టగలుగుతున్నారు. "హాఫ్ డీవన్ డీటూ" (అదే, రెండు కర్ణాల లబ్ధంలో సగం) అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ డీవన్ ఏమిటని అడిగితే తలవంచుకుంటారు. అలాంటి పిల్లవాడికి ఆసక్తి లేదని మనం అంటాం. సుతారి పిల్లవాడికి డీవన్ అనే మాట తెలియదు, కానీ అది ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో తెలుసు, అది తప్పితే ఇల్లు వంకర పోతుందని తెలుసు. వాడికి ఇప్పటికీ సమీకరణాలు రావు. మిర్చి ఏరే రోజుల్లో వాళ్లమ్మతో చేనుకు పోతాడు, చెప్పకుండా బడి మానేస్తే నేను తిడతానని ముందే చెప్పి పోతాడు. కానీ బడికి వచ్చిన రోజు ముందు బెంచీలో కూర్చుంటున్నాడు, నేను బోర్డు మీద గీసే ప్రతి బొమ్మనూ అనుమానంగా చూస్తున్నాడు. పోయిన వారం నా లంబకోణం సరిగా లేదన్నాడు. మూలమట్టం తెచ్చి పెట్టి చూపించాడు. నిజమే, లేదు.

మీరు చేయాలనుకుంటే గుంటతోనే మొదలుపెట్టండి. నేల మెత్తగా ఉన్నప్పుడు చేయండి, ఎండాకాలం మేకు దిగదు. పగ్గం నైలాన్‌ది వద్దు, లాగితే సాగుతుంది, ముడులు జరుగుతాయి. పిల్లలు మొదటిసారి వేసినప్పుడు మూలలు మీరు సరిచేయకండి, ఏమీ అనకండి. టేపు మాత్రం వంద అడుగులది తెప్పించుకోండి. మా పీఈటీ సార్‌ది యాభై అడుగులదే, ఆ 54 అడుగుల కర్ణం కొలవడానికి మధ్యలో పుల్ల గుచ్చి రెండు ముక్కలుగా కొలవాల్సి వచ్చింది, ఆ పుల్ల సరైన గీత మీద ఉందా లేదా అని మళ్లీ పది నిమిషాలు కొట్లాడుకున్నారు.