పద్మిని స్టీరింగ్ బరువైంది, అంబాసిడర్ ఒంగింది

ప్రశ్న: అన్నా నమస్తే, మాది హన్మకొండ. మా నాయిన 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని మూలకు పడుంటే నిరుడు బయటికి తీసి పెయింట్ ఏపిచ్చిన, రేడియల్ టైర్లు, చిన్న స్పోర్ట్స్ స్టీరింగ్ పెట్టిచ్చిన. ఇప్పుడు చౌరస్తల పార్క్ చేయాల్నంటే భుజాలు ఊడొస్తున్నయ్, హైదరాబాద్ రోడ్డెక్కి 70 దాటితే మాత్రం చక్రం ఇటటు తిప్పినా బండి పలుకుతలేదు. మెకానిక్ మారుతి ర్యాక్ (చక్రాలను అటిటు జరిపే పండ్ల కడ్డీ) వెల్డింగ్ చేసి పెడ్త అంటుండు, దోస్తేమో ఆల్టో పవర్ స్టీరింగ్ పెట్టుకో అంటుండు, ముందు స్ప్రింగు ఒక చుట్టు కోస్తే రోడ్డు పట్టుకుంటదని ఇంకొకాయన. ఏది చెయ్యమంటవ్?

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ చిన్న స్టీరింగ్ పీకి అటక మీద పెట్టు. 16 అంగుళాల చక్రం తీసి 13 అంగుళాలది పెడితే అదే మలుపుకు చేతుల బలం దాదాపు 23 శాతం ఎక్కువ కావాలె, పైగ రేడియల్ టైర్లు నిలబడ్డ కాడ ఇంకింత బరువైతయ్, గాలి తక్కువుంటే ఇగ చెప్పొద్దు.

ఇగ అసలు ముచ్చట. ఒకే బండి బరువుగ తిరుగుతది, మళ్ల లూజుగ కూడ ఉంటది అంటే అది డిజైన్ తప్పు కాదు, అరుగుడు. జాకీ ఎత్తి ముందు చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టి ఊపు. ఆడుతుందా? ఇంట్ల ఎవలినన్న బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ల ఊపు. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ను, అంటే ముందు చక్రం అటిటు మలిగే నిలువు పిన్ను. తర్వాత అటు ఇటు పక్కలకు పట్టి ఊపు, అప్పుడు ఆడితే ఎక్కువగ స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే రాడ్ల కీళ్లు, అంటే టై రాడ్ ఎండ్లో, ఐడ్లర్ ఆర్మ్ బుష్షో. పావుగంట పని, పైస ఖర్చు లేదు.

కింగ్ పిన్ను బుష్షులు కొత్తయి ఏపిస్తే లేత్ షాపుల రీమర్ కొట్టిచ్చి (రంధ్రం సరిగ్గ కొలతకు గీకిచ్చి) నంకనే పిన్ను ఎక్కిచ్చుకో, సుత్తెతోని కొట్టి దించినోని బండి కొత్తగున్నా బరువే. గ్రీజు కూడ చక్రం గాల్ల ఉన్నప్పుడు కొట్టాలె, నేల మీద ఉంటే బండి బరువుకు నొక్కుకున్న కాడికి గ్రీజు పోనే పోదు.

పద్మిని స్టీరింగ్ బాక్సు ఫియట్ 1100 నాటి వర్మ్ అండ్ రోలర్ రకం, అంటే మరలాంటి వర్మ్ తిరిగి రోలర్‌ను పక్కకు జరుపుతది. ఆయిలు కారుతుందని అండ్ల గ్రీజు కుక్కుతరు, రోలర్ ఒకసారి పక్కకు తోసినంక గ్రీజు తిరిగి రాదు, అండ్ల పొయ్యాల్సింది గేరు ఆయిలు. ఇంకో పాపం, ఆట పోవాలని పైన స్క్రూ బిగిస్తనే ఉంటరు. ఎక్కువ అరిగేది నిటారుగ పోయే చోటనే కదా, అక్కడ ఆట పోయేదాక బిగిస్తే మలుపుల్ల పట్టేస్తది. అరిగిన వర్మ్, రోలర్ మార్చుడే మందు.

మారుతి ర్యాక్? నేనైతే పెట్ట. ఆ ర్యాక్ వేరే బండి ఆర్ములకు కొలిచి చేసింది, చివర్లు నీ విష్‌బోన్లు (చక్రాన్ని పట్టుకునే ఆర్ములు) తిరిగే చోటుకు కలవకపోతే స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్ల చక్రాలు వాటంతట అవే తిరుగుతయ్, ఇగ ములుగు రోడ్డు మీద వానకాలం ఎట్లుంటదో చూస్కో. స్టీరింగ్ రాడ్డు కోసి వెల్డింగ్ అన్నోని దుకాణం దిక్కే పోకు.

ఆల్టోది, అంటే కరెంటు మోటరుతోని నడిచే పవర్ స్టీరింగ్, పెట్టొచ్చు గని ఇంకేం పని చెయ్యకపోతేనే. ఫుల్ లాక్‌ల ఆ మోటరు 30 ఆంపియర్ల పైన గుంజొచ్చు, బండికి పాత డైనమో ఉంటే ముందు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ కావాలె. స్పీడ్ సెన్సర్ సిగ్నల్ అందకపోతే హైవే మీద కూడ పార్కింగ్ అంత తేలికైపోవచ్చు, నువ్వు ఏడుస్తున్నదే దానికాయె. స్ప్రింగు కోస్తే స్ప్రింగు గట్టిపడి ఎత్తు తగ్గి క్యాంబర్ (చక్రం నిలువు వాలు) చెడుతది, బాగున్న టైరు ఒక పక్కే తింటది. మంచి షాకప్‌లు, వెనక కమాన్ పట్టీల బుష్షులు, దీనితోనే సగం తేడా తెలుస్తది.

ఇంకొకటి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చెయ్యొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటది. 2021 రూలు ప్రకారం 50 ఏండ్లు నిండిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నీది 2036 సుమారుకు ఆడికి చేరుతది, గని పెద్ద మార్పులు చెయ్యకుండ అసలు రూపంల ఉండాలె. నాయిన బండి కదా, ఆలోచించుకో.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నం. మా అంబాసిడర్ ముందు ఒక పక్కకు ఒంగింది. ర్యాక్ అండ్ పినియన్ పెట్టిస్తే పోతుందా?

జవాబు: సార్, ర్యాక్ అండ్ పినియన్ మీ బండికి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలం నుంచే ఉంది, కొత్తగ పెట్టేదేం లేదు! ఒంగుడు స్టీరింగ్ రోగం కాదు. ముందు స్ప్రింగుల బదులు బండి పొడుగున ఉన్న టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగు పని చేసే కడ్డీలు) చూపియ్యిండ్రి, దిగిన దిక్కు బార్‌ను వెనక పట్టు దగ్గర సర్ది ఎత్తు సమం చేస్తరు. తీస్తే గుర్తు పెట్టుకోని ఎడమది ఎడమకే ఎక్కిచ్చుమనుండ్రి. అట్లనే ర్యాక్ చివర్ల రబ్బరు బూట్లు చిరిగినయేమో చూడుండ్రి, దుమ్ము పోతే ఆ ర్యాక్ ఎక్కువ రోజులు రాదు.