మనుషులు ముగ్గురు, రంపం ఒకటి

ప్రశ్న: నాతో కలిపి ముగ్గురం. 18 అంగుళాల బారు (చైను చుట్టూ తిరిగే ఇనుప పట్టీ) ఉన్న చైన్‌సా ఒకటి, నిచ్చెన, రెండు మోకులు ఉన్నాయి. ఇళ్లలో చెట్లు, కొమ్మలు కొట్టే పనులు చెట్టుకింత అని ఒప్పుకుంటున్నాం. నెలంతా పని ఉన్నా చేతిలో ఏమీ మిగలడం లేదు. ధర ఎలా చెప్పాలి?
– గుంటూరు పాఠకుడు

జవాబు: చెట్టుకింత అనడంలోనే నష్టం ఉంది. రంపం ఆడేది గంటయితే, కొమ్మలు దించి, ముక్కలు చేసి, గేటు దాకా మోసి, ఊడ్చి అప్పగించేసరికి మూడు గంటలు పడుతుంది. ఒకరు పైనుంటే కింద మిగిలేది ఇద్దరే. మీ రోజును తినేది కోత కాదు, మోత. అందుకే చూడటానికి వెళ్లినప్పుడు చెట్టు ఎత్తుకంటే ముందు దాని కింద ఏముందో, గేటు ఎన్ని అడుగుల దూరమో, ట్రాక్టరు ఎంతవరకు వస్తుందో చూడండి. ఖాళీ స్థలంలో పూట పట్టే చెట్టే రేకుల షెడ్డు మీదికి వాలి ఉంటే రోజంతా పడుతుంది.

ధర పూటల లెక్కన కట్టండి. ఉదాహరణకు ఇద్దరి కూలి 2,000, మీ కూలి 1,500, పెట్రోలు, ఆయిలు, చైను అరుగుదల 400, ట్రాక్టరు ట్రక్కు 2,500 అనుకుందాం. మొత్తం 6,400. వాన పడిన రోజు, రంపం మూలపడిన రోజు కూడా ఇల్లు గడవాలి కాబట్టి దానిమీద ఐదో వంతు వేస్తే 7,680. మీ ఊరి రేట్లు వేసుకుని చూడండి. చాలామంది తమ సొంత కూలి వేసుకోవడం మరిచిపోయి, మిగిలిందంతా లాభం అనుకుంటారు. దుంగలు ఎవరివో ముందే కాగితం మీద రాయించండి. వేప, చింత దుంగలు అడితిలో అమ్ముడుపోతాయి. తురాయి మొద్దుకు పెద్దగా ఏమీ రాదు, పైగా మోత మీదే.

చేతిలో కాస్త డబ్బు ఆడితే మొదట కొనాల్సింది ఇంకో చిన్న రంపం. ఉన్న ఒక్కటీ ఆగితే ముగ్గురి కూలీ పోయినట్టే. హైడ్రా క్రేను, మనిషిని పైకెత్తే బూమ్ లిఫ్టు ఏడాదికి నాలుగుసార్లు కావాలంటే అద్దెకే తెచ్చుకోండి.

ప్రశ్న: కొమ్మకు తాడు కట్టి ఇద్దరం పట్టుకుని దించుతుండగా చేతుల్లోంచి జారి కింది రేకులు పగిలాయి. తాడు తెగలేదు. తప్పెక్కడ?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: బరువు అంచనాలో. అడుగు లావు, రెండు మీటర్ల పొడవున్న పచ్చి ముక్క సుమారు 0.15 ఘనపు మీటరు. పచ్చి కలప ఘనపు మీటరుకు 900 నుంచి 1,000 కిలోలు తూగుతుంది కాబట్టి, ఆ ముక్క ఆకుల బరువు కాక 130 కిలోల పైమాటే. పైగా తాడు బిగిసేలోపు అది మీటరు కిందికి పడిందా, ఆ కుదుపు అసలు బరువుకు ఎన్నో రెట్లు లాగుతుంది.

బరువును చేతులతో ఆపకూడదు, మానుతో ఆపించాలి. తాడును కోత కన్నా పైనున్న గట్టి పంగలోంచో, కప్పీలోంచో తెచ్చి, మాను మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పండి. ఆ రాపిడికి ఒక్క మనిషే నింపాదిగా వదలగలడు. ఒక్కసారిగా బిగబట్టకుండా కాస్త జారనిస్తూ నెమ్మది చేయాలి. తాడును చేతికి చుట్టుకుంటే మాత్రం వేళ్లు పోతాయి. ముక్క పొడవు సగం చేస్తే బరువూ సగమే అవుతుంది.

తాడు 12 నుంచి 14 మి.మీ. పాలిస్టర్‌ది వాడండి. అంగట్లో దొరికే ప్లాస్టిక్ తాడు రాపిడి వేడికి కరుగుతుంది. నైలాన్ సాగుతుంది కాబట్టి కొమ్మ మీరనుకున్న దానికన్నా కిందికి వస్తుంది. ముడి వేసిన చోట తాడు బలం సగం దాకా తగ్గిపోవచ్చు. బరువులు దించిన మోకుతో మనిషిని ఎక్కించవద్దు.

కొమ్మ మానును చీల్చుకుంటూ విరగకుండా మూడు కోతలు వేయాలి: మాను నుంచి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, దానికి రెండంగుళాలు బయట పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మొరడును మాను దగ్గరి ఉబ్బుకు తగలకుండా. ఆ ఉబ్బే గాయాన్ని మూస్తుంది.

ప్రశ్న: రంపం ఒక పక్కకే కోసుకుపోతోంది, పొగ కూడా వస్తోంది.
– రాజమండ్రి పాఠకుడు

జవాబు: ఒక వైపు పళ్లు రెండో వైపు కన్నా పొట్టిగా అరిగాయి. అన్నిటికన్నా పొట్టి పన్ను చూసుకుని మిగతావన్నీ ఆ పొడవుకు తెచ్చి, ఆపైన పంటికి ఇన్ని రుద్దులని లెక్కపెట్టి రుద్దండి. చైను పిచ్ (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) .325 అయితే 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, చిన్న రంపాల్లో ఉండే ‘3/8 లో-ప్రొఫైల్’ (పొట్టి పళ్ల) చైను అయితే 4 మి.మీ. రంపం పెచ్చులు కాకుండా సన్నటి పొడి రాలుస్తోందంటే పదును పోయినట్టే. నేలమీది దుంగ కోస్తూ ఒక్కసారి మట్టి తగిలించినా చాలు, అంతవరకు చేసిన పదునంతా పోతుంది.

పొగ బారు దగ్గర వస్తుంటే చైను ఆయిలు అందడం లేదు. బారు తీసి గాడి, ఆయిలు రంధ్రం గీకి శుభ్రం చేయండి. ఇంజన్‌కు లీటరు పెట్రోలులో 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలు కలిపే మోడళ్లే ఎక్కువ. మీ రంపం పుస్తకంలో వేరే చెబితే అదే పాటించండి. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడొద్దు.

ప్రశ్న: కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టమంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– నల్గొండ పాఠకుడు

జవాబు: లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, లైనును ఎర్త్ చేశాకే. ‘ఇంట్లో లైటు వెలగట్లేదుగా’ అనేది లెక్కలోకి రాదు, పక్కింటి జనరేటరు నుంచి కరెంటు వెనక్కి రావచ్చు. పచ్చి కొమ్మ, తడిసిన మోకు రెండూ కరెంటును మోస్తాయి. ఇక చెట్టును మొదలంటా తీయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం (2002) కింద అనుమతి అవసరం. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. దరఖాస్తు ఇంటి యజమాని పేరున పెట్టించి, అనుమతి కాగితం నకలు చేతికొచ్చాకే అడ్వాన్సు తీసుకోండి.