అప్పు లేకుండా ఇంటి తోట: అనంతపురం ఎండల్లో దేనికి ముందు ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: మాది అనంతపురం. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, నా భార్య గృహిణి. ఊరి శివార్లలో ఎనిమిది సెంట్ల స్థలంలో తూర్పు ముఖంగా ఇల్లు కట్టుకుని ఈ మధ్యనే గృహప్రవేశం చేశాం. ఇల్లు 1,400 చదరపు అడుగులు పోగా దాదాపు 2,000 చదరపు అడుగుల ఖాళీ ఉంది. అక్కడ తోట వేయడానికి ఒక ల్యాండ్‌స్కేప్ డిజైనర్ రూ.3.40 లక్షల అంచనా ఇచ్చారు. అందులో వెయ్యి చదరపు అడుగుల పచ్చికకు రూ.70 వేలు, పేవర్ బ్లాకులకు రూ.92 వేలు, ఫౌంటెన్‌కు రూ.55 వేలు, ఆరు పెద్ద పామ్ చెట్లకు రూ.48 వేలు, దీపాలకు రూ.35 వేలు, మిగిలినది మొక్కలకు, కూలీకి. తోటమాలికి నెలకు రూ.2,500 విడిగా ఇవ్వాలి. చేతికి వచ్చే జీతం రూ.68 వేలు. ఇంటి రుణం కంతు రూ.24 వేలు, ఇంటి ఖర్చు రూ.25 వేలు, చీటీ రూ.5 వేలు. బ్యాంకులో రూ.2.10 లక్షలు ఉన్నాయి. లక్ష రూపాయల చీటీ ఇంకా అయిదు నెలలుంది. ఇప్పుడు పాడితే రూ.82 వేలు, చివరిదాకా ఆగితే కమీషను పోను రూ.95 వేలు వస్తాయి. మా అమ్మాయి జూన్‌లో ఇంటర్‌లో చేరుతుంది, ఆ తరువాత ఇంజినీరింగ్. వేసవిలో బోరు సన్నగిల్లితే 5,000 లీటర్ల ట్యాంకరుకు రూ.700 ఇస్తున్నాం. రూ.3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా, లేక చీటీ పాడాలా? ఇంటి రుణం మీద టాప్‌అప్ ఇస్తామని బ్యాంకు వారు కూడా అంటున్నారు. తోట వల్ల ఇంటి విలువ పెరుగుతుందని డిజైనర్ మాట.

జవాబు: పర్సనల్ లోన్ తీసుకోవద్దు, టాప్‌అప్ వద్దు, చీటీ ఇప్పుడు పాడవద్దు. తోట మాత్రం తప్పక వేయండి. ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే జిల్లాలో, ఏప్రిల్ ఎండకు గోడలు రాత్రిదాకా వేడిని కక్కే ఊళ్లో, ఇంటి పక్కన చెట్టు నీడ కోరుకోవడాన్ని నేను దుబారా అనుకోను. మీ ముందున్న అంచనా మాత్రం మన నీటికి, మీ జీతానికి తగినది కాదు. ఆ రెండింటికీ తగిన అందమైన తోట అందులో మూడో వంతు కంటే తక్కువ ఖర్చుతో, రెండేళ్లలో, ఒక్క రూపాయి అప్పు లేకుండా తయారవుతుంది.

అప్పుల సంగతి ముందు చూద్దాం. మూడు లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు రూ.10,250 కంతు పడుతుంది, వడ్డీ కిందే రూ.69 వేలు పోతుంది. మీకు అన్ని ఖర్చులూ పోను నెలకు మిగిలేది రూ.14 వేలు. అంటే అమ్మాయి ఇంటర్ చదివే రెండేళ్లూ, ఇంజినీరింగ్ మొదటి ఏడూ మీ మిగులులో ముప్పాతిక వంతు కంతుకే వెళ్తుంది. ఆమె ఫీజు కట్టే నాటికి మరో అప్పు వెతుక్కోవలసి వస్తుంది. టాప్‌అప్‌లో కంతు చిన్నదిగా కనిపించడానికి కారణం గడువు పొడవు. అదే మూడు లక్షలు 9.5 శాతానికి 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.3,130 చొప్పున మొత్తం రూ.5.64 లక్షలు కడతారు. నాలుగైదేళ్లకే మోటారు మార్చవలసిన ఫౌంటెన్‌కు పదిహేనేళ్లు కంతు కట్టడం ఏ లెక్కన చూసినా సమంజసం కాదు. ఇక చీటీ. అయిదు నెలలు ముందుగా రూ.82 వేలు అందుకోవడానికి రూ.13 వేలు వదులుకోవడమంటే, మీ డబ్బునే మీరు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడం. బయట ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అంటే మీరు వెంటనే వద్దంటారు. పాటలో తగ్గింపు రూపంలో వచ్చేసరికి అది వడ్డీలా కనిపించదు.

అంచనాలో రాయని ఖర్చు గురించి నాకు ఇంకా ఎక్కువ ఆందోళన ఉంది. తోట విషయంలో మొదటి రోజు పెట్టే డబ్బు కంటే ప్రతి నెలా పెట్టే డబ్బే పెద్దది. వెయ్యి చదరపు అడుగుల పచ్చిక అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. మన వేసవిలో చదరపు మీటరుకు రోజుకు ఆరు లీటర్లయినా పోయకపోతే గడ్డి ఎండుతుంది కాబట్టి రోజుకు సుమారు 550 లీటర్లు కావాలి. ఒక ట్యాంకరు తొమ్మిది రోజులకు సరిపోతుంది. బోరు సన్నగిల్లే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నీటికే దాదాపు రూ.12 వేలు అవుతుంది. తోటమాలికి ఏడాదికి రూ.30 వేలు. రెండూ కలిపి రూ.42 వేలు, నేటి ధరల్లోనే పదేళ్లకు రూ.4.20 లక్షలు. తోట వేయడానికి అయ్యే ఖర్చును మించిన మొత్తం దాన్ని నిలుపుకోవడానికే పోతుందన్న మాట. ఒక్క వేసవి ట్యాంకరు ఆపితే పెట్టుబడిలో పెద్ద భాగం ఎండిపోతుందన్న సంగతి దీనికి అదనం.

అందువల్ల ప్లాన్ గీసే ముందు నీటి లెక్క వేయాలి. మీ 1,400 చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదిలో పడే వానలో ఆవిరి, వృథా పోను 57 వేల లీటర్లు, అంటే పదకొండు ట్యాంకర్ల పైచిలుకు నీరు దొరుకుతుంది. ప్రస్తుతం అది గొట్టాల ద్వారా వీధి కాలువలోకి పోతోంది. ఆ గొట్టాలను కలిపి, తొలి వాన నీటిని బయటికి వదిలే ఏర్పాటు చేసి, కంకర, ఇసుక వడపోత ద్వారా సంపులోకి మళ్లించండి. సంపు నిండాక మిగిలినది బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి పోవాలి. ఇంకిన నీరంతా మీ బోరుకే వస్తుందని చెప్పలేను, చుట్టుపక్కల వారి బోర్లకూ అందుతుంది. అయినా ఈ తోటలో నేను అన్నిటికంటే ముందు డబ్బు పెట్టమనే పని ఇదే. ఫౌంటెన్‌కు అనుకున్న రూ.55 వేలలో చిన్న భాగంతో ఇది పూర్తవుతుంది.

ఇక చెట్ల అమరిక. మీ ఇల్లు తూర్పు ముఖం కనుక ముందు భాగానికి ఉదయపు లేత ఎండ తగులుతుంది. మధ్యాహ్నం తరువాత పడమటి గోడ కాలుతుంది. ఎత్తయిన చెట్లు పడమర, దక్షిణాల్లో, పొట్టి మొక్కలు తూర్పు, ఈశాన్యాల్లో ఉండాలి. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం అని మన పెద్దలు చెప్పే వాస్తుకు కూడా ఇది సరిపోతుంది కాబట్టి ఇంట్లో వాదన రాదు. పడమటి గోడకు పది, పన్నెండు అడుగుల దూరం దొరికే చోట ఒకే ఒక వేప లేదా కానుగ నాటండి. అంత దూరం లేకపోతే సీతాఫలం, దానిమ్మ చాలు, వాటి వేర్లు పునాదిని ఇబ్బంది పెట్టవు. వంటింటి వైపు కరివేపాకు, నిమ్మ. ప్రహరీ మీదికి కాగితపు పూల తీగ పాకించండి. నీరు తక్కువైనప్పుడే అది విరగబూస్తుంది. వరండా స్తంభానికి రాధామనోహరం, కిటికీ కింద మల్లె, నందివర్ధనం. గన్నేరు కరవును బాగా తట్టుకుంటుంది కానీ ఆకు, పువ్వు అన్నీ విషం కనుక చిన్నపిల్లలు, పశువులు వచ్చిపోయే చోట వద్దు.

అందం విషయంలో చాలామంది పొరపడేది రకాల సంఖ్య దగ్గర. నర్సరీకి వెళ్లి నచ్చినదల్లా ఒక్కొక్కటి తెచ్చుకుంటే ఇల్లు నర్సరీలాగే కనిపిస్తుంది. నాలుగైదు రకాలు తీసుకుని ఒక్కొక్కదాన్ని మూడు, అయిదు చొప్పున గుంపుగా నాటితే, గేటు నుంచి చూసినా వరండాలో కూర్చుని చూసినా కంటికి ఒక క్రమం దొరుకుతుంది. ఖర్చు కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఒకే రకానికి ఒకే నీటి అవసరం. స్థలమంతా పేవర్ బ్లాకులు పరిచి వాన ఇంకే దారి మూసేయడం కంటే, గేటు నుంచి మెట్ల దాకా, అక్కడి నుంచి పెరటికి మూడడుగుల వెడల్పున తాడిపత్రి బండలతో బాట వేయించండి. బండకూ బండకూ మధ్య అంగుళం సందు వదిలి సన్న కంకర పోయిస్తే నీరు ఇంకుతుంది. నల్లబండ మధ్యాహ్నం కాలు పెట్టనివ్వదు కనుక కూర్చునే అరుగును చెట్టు నీడ పడేచోటే కట్టించాలి. గేటు ముందు కళ్లాపి చల్లి ముగ్గు వేసుకునే జాగాను మట్టిగానే వదిలేయండి. పచ్చిక మీద మనసు ఉంటే వరండా ఎదుట వంద చదరపు అడుగులు పెట్టుకోండి. దానికి రోజుకు నాలుగు బిందెల నీరు చాలు, కూరగాయలు, బియ్యం కడిగిన నీటితో అందులో కొంత తీరుతుంది.

డబ్బు ఎలా సర్దాలో చూద్దాం. నెలకు మిగిలే రూ.14 వేలలో రూ.10 వేలు అమ్మాయి పేరు చెప్పి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్లలో కావలసిన డబ్బు కాబట్టి షేర్ల జోలికి పోవద్దు. మిగిలిన రూ.4 వేలు తోటకు, విడి ఖాతాలో. సెప్టెంబరులో చీటీ డబ్బు రూ.95 వేలు వచ్చినప్పుడు రూ.84 వేలు బ్యాంకు నిల్వకు కలపండి. కంతు, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు రూ.49 వేలు కావాలి కనుక ఆరు నెలల అవసరానికి రూ.2.94 లక్షలు ఉండాలి; ఆ లోటు దీనితో సరిగ్గా పూడుతుంది. మిగిలే రూ.11 వేలు తోటకు. చీటీ ముగిశాక మిగిలే రూ.5 వేలు అమ్మాయి డిపాజిట్‌కు చేరితే, రెండేళ్లలో అసలే రూ.3.35 లక్షలు అవుతుంది.

పనుల వరుస కూడా ఈ డబ్బు వచ్చే వరుసకు కలిసి వస్తుంది. మే నెలలో చెట్లకు మూడడుగుల గుంతలు తీయించి ఎండకు వదిలేయండి. ఆగస్టు దాకా చేరే రూ.20 వేలు గుంతలకు, మిద్దె గొట్టాలకు, ఇంకుడు గుంతకు. మన వైపు జూన్, జులై జల్లులను నమ్ముకోలేం, సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వాన ఎక్కువ కాబట్టి నాటడం అప్పుడే. గుంతలో పైమట్టి, మాగిన పశువుల ఎరువు, చెదలకు విరుగుడుగా వేప పిండి కలపాలి. కడియం నుంచి లారీలో దిగే ఆరడుగుల చెట్టు కంటే ఇక్కడి నర్సరీలో ఈ ఎండకు అలవాటు పడిన రెండడుగుల మొక్క చవక, త్వరగా వేరూనుతుంది. అప్పుడే డ్రిప్ పైపులు వేయించి, మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు మూడంగుళాల మందాన, కాండానికి తగలకుండా పరవండి; మన జిల్లాలో అది సులభంగా దొరుకుతుంది, తేమ నిలుపుతుంది. మార్చి ఆఖరులోపు మరో రూ.28 వేలతో బండల బాట, అరుగు. రెండో ఏడాది రూ.48 వేలలో నెలకు రూ.1,500 నిర్వహణకు పోగా మిగిలిన రూ.30 వేలు తీగల పందిరికి, నాలుగు దీపాలకు. మొత్తం రూ.1.07 లక్షలు.

ఇంటి విలువ గురించి నా అభిప్రాయం: మన ఊళ్లలో ఇల్లు కొనేవారు సెంట్లు, రోడ్డు, నీరు చూసి ధర కడతారు. ఎండాకాలంలోనూ నీళ్లిచ్చే బోరు, నీడనిచ్చే చెట్టు బేరంలో పనికొస్తాయి. ఫౌంటెన్‌కు ఎవరూ అదనంగా ఇవ్వరు.

డిజైనర్‌ను వదులుకోనక్కరలేదు. ప్లాన్ గీసినందుకు మాత్రమే విడిగా ఫీజు ఎంతో అడగండి. కాగితం మీద నీటి గొట్టాలు, గుంతల చోట్లు, ఒక్కొక్క మొక్కకు రోజుకు కావలసిన నీరు, దశల వారీ ఖర్చు రాసి ఇమ్మనండి. పని మీ వీలును బట్టి మీరే చేయించుకుంటారని ముందే చెప్పండి. దానికి ఒప్పుకోకుండా మొత్తం కాంట్రాక్టే కావాలంటే మరొకరిని చూసుకోవడం మంచిది.