పాత పికప్: కొత్త రంగుదా, తక్కువ తిరిగినదా?

ప్రశ్న: 1990 మోడల్ టాటామొబైల్ పికప్‌లు రెండు బేరానికి వచ్చాయి. విశాఖలోది పూర్తిగా బాగుచేయించి రంగు వేసిన బండి. పార్వతీపురంలోది 41 వేల కిలోమీటర్లే తిరిగిందట, ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. ధర ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: ఛాసిస్ గట్టిగా ఉంటే పార్వతీపురం బండే తీసుకోండి. ఆ 1948 సీసీ డీజిల్ ఇంజన్‌ను ఎప్పుడైనా విప్పి బోరు చేయించుకోవచ్చు. తుప్పు తిన్న ఛాసిస్‌కు ఎన్ని అతుకులు వేసినా బరువు వేయడానికి ధైర్యం చాలదు.

ముందు ఆ 41 వేలు నిజమేనా చూడండి. మీటరులో ఐదంకెలే ఉంటే లక్ష దాటాక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పెడళ్ల రబ్బరు నున్నగా అరిగి, డ్రైవరు సీటు కుంగి ఉంటే అది 1,41,000 అనుకోండి.

అమ్మేవారు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడతామంటే ఒప్పుకోకండి. సిలిండరులో తుప్పు ఉంటే పిస్టన్ రింగులు గీసుకుపోతాయి. హీటర్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు ప్లగ్గులు బిగించకుండానే క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఇంజన్ ఆయిల్, కూలెంట్ మార్చాలి. ట్యాంకులోని పాత డీజిల్ దించి, లోపల కడిగి, ఫిల్టర్ మార్చి, డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీశాకే స్టార్ట్ చేయాలి. లేదంటే ఆ మడ్డి డీజిల్ పంపును, నాజిళ్లను పట్టేస్తుంది. వీల్ సిలిండర్ల సీళ్లు, బ్రేకు హోసులు, రేడియేటర్ పైపులు, ఫ్యాన్ బెల్టు చూడ్డానికి బాగున్నా మార్చాల్సినవే. టైరు పక్కన తేదీ అంకెలు 3412 అని ఉంటే 2012లో 34వ వారం తయారీ అని అర్థం. ఈ ఖర్చంతా ధరలో తగ్గించి అడగండి.

విశాఖ బండి సముద్రపు గాలిలో తిరిగింది. రంగు వేయకముందు, టింకరింగ్ నాటి ఫొటోలు, బిల్లులు చూపించమనండి. అవి లేకపోతే దానికి బాగుచేసిన బండి ధర ఇవ్వకండి. అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి తలుపుల అడుగున, చక్రాల పైన, తొట్టి మూలల్లో ఆనించండి. అంటుకోని చోట మందంగా పుట్టీ ఉన్నట్టే. స్ప్రింగు హ్యాంగర్లు, క్యాబిన్ మౌంటింగ్‌ల దగ్గర స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలం పొగ ఆగకపోయినా, ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నినా రింగులను అనుమానించాలి.

ఛాసిస్ నంబరు దగ్గర గ్రైండింగ్, వెల్డింగ్ గుర్తులుంటే ఏ బండైనా వదిలేయండి.

రెండూ ఆంధ్రా బళ్లే కాబట్టి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి. పన్ను బకాయి ఉంటే అది రాదు. ఏడాదిలోపు ఫారం 27తో ఒడిశా నంబరు తీసుకోవాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు బండి వయసు 50 ఏళ్లు దాటాలి కాబట్టి ఆ దారి లేదు. షెడ్డు బండికి ఫిట్‌నెస్ గడువు తీరిపోయి ఉండొచ్చు. దాన్ని అమ్మేవారి పేరుమీదే, అక్కడే చేయించమనండి.