పాత బాయిల మీద పేపర్ చదవబోతున్న రమ్యకు

చిరంజీవి రమ్యకు పెద్దబాపు ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, నాగపూర్ సెమినార్‌లో నీ పేపర్ తీసుకున్నారని చెప్పింది. మూసేసిన బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, గ్యాలరీలు (బొగ్గు తవ్విన సొరంగాలు) ఎక్కడున్నాయో పైనుంచే కరెంటు పంపి కనిపెట్టడం గురించి మాట్లాడతావట. విన్నప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. 2019 దాకా ఆడవాళ్లను డ్యూటీకి బాయి లోపలికి దించడానికి చట్టమే ఒప్పుకోలేదు. అలాంటిది మన ఇంటి పిల్ల నిలబడి బాయి లోపలి సంగతి ఇంజనీర్లకు చెబుతుందంటే మీ తాత ఎంత మురిసిపోయేవాడో.

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "పాత బాయిల ప్లాన్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు, ఫీల్డ్‌లో పెద్ద పనేం లేదు" అన్నావట. ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు బిడ్డా. ఈ ఉత్తరం అందుకే.

స్లైడ్ల మీద అక్షరాలు చివరి వరుసకు కనిపించేలా పెట్టు. ఇచ్చిన టైమ్‌కు రెండు నిమిషాల ముందే ముగించు. ఇలాంటివి మీ సార్లే చెబుతారు. వాళ్లు చెప్పనిది నేను చెబుతాను.

నేను సర్వే సెక్షన్‌లో కొత్తగా చేరిన రోజుల్లో, వర్ధా నది ఒడ్డున ఒక బాయిలో పని. దాని పక్కనే, 1973లో గనులు సర్కారు చేతికి రాకముందే ప్రైవేటు వాళ్లు తవ్వి వదిలేసిన ఇంకో బాయి. నిండా నీళ్లు. సేఫ్టీ వారోత్సవంలో మా సర్వే ఆఫీసరు ప్లాను గోడకు వేలాడదీసి చాలా బాగా మాట్లాడాడు. మనం బొగ్గు కొట్టే ఫేసుకూ ఆ నీళ్లకూ నడుమ 85 మీటర్ల బొగ్గు గోడ చెక్కుచెదరకుండా ఉందన్నాడు. రంగుల గీతలు, ముత్యాల్లాంటి అక్షరాలు. అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు వెనక బెంచీ నుంచి, ఆ పాత బాయిలో బొగ్గు టబ్బులు (చిన్న బండ్లు) తోసిన ముసలాయన ఒకడు లేచి, "సారూ, ఆ గీత దాటి కూడా మేం బొగ్గు తీసినం. మూసే ముందు ఎండాకాలమంతా కాంట్రాక్టరు తీయించిండు" అన్నాడు. "కాగితం ఉందా?" అని అడిగాడు ఆఫీసరు. ఆయన దగ్గర కాగితం ఎక్కడిది? ఊరుకుని కూర్చున్నాడు.

ఆఫీసరు చూపించిన ప్లాను నకలుకు నకలు. అసలుది అడుగుల లెక్కలో గీసింది. ఉత్తరం గుర్తు అయస్కాంత సూదిని బట్టి పెట్టింది, ఏ ఏడాది చూశారో రాయలేదు. అయస్కాంత ఉత్తరం ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతుంటుంది. తేదీ లేకపోతే దాన్ని సరిచేసే దారే లేదు. పైగా అప్పట్లో టబ్బుల పట్టాల పక్కనే డయల్ (దిక్సూచి ఉన్న సర్వే పరికరం) పెట్టి చూసేవాళ్లు, ఇనుముకు సూది ఒరిగిపోయేది. ఒక్క డిగ్రీ తేడా వస్తే 500 మీటర్లు పోయేసరికి దాదాపు 9 మీటర్లు పక్కకు పడతాం.

నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఇంకొకటి. పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపలికి వస్తేనే పైవాళ్ల అనుమతి తీసుకోవాలి, ముందు ఏముందో తెలిసేలా గోడలోకి సన్న బోర్లు వేసుకుంటూ పోవాలి. రూలు అది. ప్లాను 85 అంటుంటే బోరు వేయమని ఎవరడుగుతారు? తప్పు గీత ఒకటి రూలునే పక్కన పెట్టించింది.

మమ్మల్ని కాపాడింది లోపల పని చూసే మా ఓవర్‌మన్. ఫేసులో ఒక పక్క గోడ చెమర్చడం చూసి, ఎవరేమన్నా వినకుండా బోరు వేయించాడు. నేను అక్కడే ఉన్నాను. రాడ్డు ఉన్నట్టుండి వెనక్కి తన్నింది. కుళ్లిన కోడిగుడ్డు వాసనతో తుప్పు రంగు నీళ్లు డ్రిల్లు పట్టిన మనిషి ఛాతీకి కొట్టాయి. కర్ర మొద్దు చెక్కి బోరులో దిగ్గొట్టి, అందరినీ పైకి తెచ్చారు. తర్వాత కొలిస్తే నడుమ మిగిలిన గోడ 18 మీటర్లే. ఆ ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

మేం బతికాం. జార్ఖండ్‌లోని చాస్నాలా బాయిలో 1975 డిసెంబరు 27న పాత నీళ్లు విరుచుకుపడి 375 మంది పోయారు. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలో 2003 జూన్‌లో నీళ్లు ముంచి 17 మంది పోయారు. నీళ్లు లేని పాత బాయినీ నమ్మడానికి లేదు. మన చంద్రాపూర్ దగ్గరి ఘుగుస్‌లో 2022 ఆగస్టులో ఇల్లు ఇల్లంతా భూమిలోకి దిగిపోయింది కదా. ఇంట్లోవాళ్లు ముందే బయటికి రాబట్టి సరిపోయింది.

అందుకని చెబుతున్నా. కంప్యూటర్‌లోకి ఎక్కినంత మాత్రాన ప్లాను నిజం కాదు. అసలు కాగితం అడిగి తీయించు. సర్వే తేదీ, ఉత్తరం గుర్తు, స్కేలు గీత నీ కళ్లతో చూడు. పాత గుడ్డ ప్లాన్లు ముడుచుకుపోతాయి, అందుకే స్కేలు గీతను కూడా కొలువు. తేదీ లేకపోతే లేదని స్లైడ్ మీద రాయి, సిగ్గుపడొద్దు.

నీ పద్ధతి మంచిదే. నీళ్లున్న గ్యాలరీలో కరెంటు సులువుగా పోతుంది, ఖాళీ గ్యాలరీ అడ్డుకుంటుంది. కానీ మన చాందా (చంద్రాపూర్) నేల నల్లరేగడి. వానకు తడిసిన రేగడిలో కూడా కరెంటు అంతే సులువుగా పోతుంది. భూమిలోకి పంపే రాడార్ అయితే ఆ మట్టిలో నాలుగడుగులు పోయేసరికే చచ్చిపోతుంది. కాబట్టి ఒకే లైను మీద ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చూడు. ముందు, గ్యాలరీ ఉందని ఖాయంగా తెలిసిన చోట కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు పాతి, బొమ్మ ఎలా వస్తుందో చూసుకో. ఒక్కటంటే ఒక్క బోరైనా వేయించమని మీ సారును బతిమాలు. అది లేకుండా, బొమ్మలో నీలం మచ్చ చూపించి "ఇదే గ్యాలరీ" అనకు. "ఇక్కడ ఉండొచ్చు, ఇన్ని మీటర్లు అటూ ఇటూ" అను. నీ గీతను నమ్మి రేపు ఎవరో ఒకరు బ్లాస్టింగ్ చేస్తారు, ఎవరో ఇల్లు కట్టుకుంటారు.

ప్రశ్నలప్పుడు టెన్షన్ పడకు. తెలియనిదానికి తెలియదనే చెప్పు. కోటు వేసుకున్నవాళ్లకు జవాబిస్తూ, వెనక నుంచి లేచిన ముసలాయనను మాత్రం కూర్చోబెట్టకు. ఆయన దగ్గరికి పోయి పేరు, ఊరు రాసుకో.

దసరాకు వస్తానని రాలేదు. కోపం వచ్చింది, ఇప్పుడు లేదులే. వచ్చే ఆదివారం పొద్దున బండికి బల్లార్షా రా. సాస్తి దగ్గర ఒకాయన ఉన్నాడు, మీ తాతతో కలిసి పని చేసినవాడు. చూపు తగ్గింది కానీ, ఏ లెవెల్లో ఏ బొగ్గు దిమ్మె తీశారో ఇప్పటికీ వేళ్ల మీద చెబుతాడు. నేను మాట్లాడి పెట్టాను. మధ్యాహ్నం పడుకుంటాడు, పదకొండు లోపే పోవాలి. ఆయనను అడిగాకే ఫోన్‌లో రికార్డు చెయ్యి. తెల్ల కాగితం పెద్దది ఒకటి తెచ్చుకో, గీయించుకుందాం.

ఇట్లు
నీ పెద్దబాపు
బల్లార్షా