స్థలం అమ్మి అబ్బాయిని ఏడాదిపాటు పునరావాస కేంద్రంలో ఉంచాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. నాలుగు నెలల క్రితం వాళ్ల బాబాయి బండి వెనక కూర్చుని వెళ్తుంటే షాద్‌నగర్ దగ్గర ఒక కారు గుద్దింది. తలకు తీవ్రమైన దెబ్బ తగిలి 52 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఖర్చు 17 లక్షలైంది. మావారి కంపెనీ బీమా 5 లక్షలు పోను మిగతాది మా పొదుపు, బంధువుల దగ్గర తెచ్చిన 4 లక్షల అప్పు. ఇప్పుడు మెల్లగా నడుస్తున్నాడు, మాట తడబడుతోంది. ఒక పునరావాస కేంద్రం వారు నెలకు 1,20,000 చొప్పున ఏడాది ఉంచమంటున్నారు. మావారి జీతం 78,000. నేను బడిలో టీచరును, 22,000 వస్తాయి. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. 30 లక్షలు పలికే 150 గజాల స్థలం, 18 తులాల బంగారం, 3 లక్షల ఎఫ్‌డీ, పీఎఫ్‌లో 9 లక్షలు ఉన్నాయి. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. 6 లక్షలకు లోక్ అదాలత్‌లో రాజీ చేయిస్తానని ఒక మధ్యవర్తి తిరుగుతున్నాడు. మొన్న పాల ప్యాకెట్ తెమ్మని బాబుకు 50 రూపాయలు ఇస్తే చిల్లర తీసుకోకుండా వచ్చేశాడు. ఎంత మిగలాలని అడిగితే కోపంతో తలుపు బాదాడు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్లాడు. ఏం చేయాలో చెప్పండి.

సమాధానం: అమ్మా, ముందుగా ఆ మధ్యవర్తికి వద్దని చెప్పండి. ఈరోజే చెప్పండి. లోక్ అదాలత్‌లో సంతకం పెడితే అది తుది తీర్పు, దానిమీద అప్పీలు ఉండదు. బాబుకు ఎంత శాతం వైకల్యం మిగులుతుందో డాక్టర్లకే ఇంకా తేలని సమయంలో ఆరు లక్షలకు చేతులు దులుపుకోమనడం అన్యాయం.

వాహన ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసే దరఖాస్తుకు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. మీకు నాలుగు నెలలు గడిచిపోయాయి. ప్రమాదం షాద్‌నగర్ దగ్గర జరిగినా, మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. న్యాయవాదికి ఫీజు ఇచ్చే స్థితిలో లేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కు ఉంది. ఎఫ్ఐఆర్, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి బిల్లు అసలు ప్రతి, ఆటో ఖర్చులు రాసిన చీటీలతో సహా ఒక ఫైలులో పెట్టండి.

ఈ కేసులో ఆసుపత్రి బిల్లులకంటే పెద్ద మొత్తం ముందున్న జీవితానిది. మెదడు దెబ్బతిన్న పన్నెండేళ్ల అమ్మాయి కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకుల ఖర్చుగా నెలకు 10,000 లెక్కగట్టి, దాన్ని 12 నెలలకు, ఆపైన వయసును బట్టి తీసుకునే గుణకం 18తో హెచ్చించి 21,60,000 ఇచ్చింది. ఇతర పద్దులు కలిపి మొత్తం 62 లక్షలు దాటింది. ఆ అమ్మాయి పరిస్థితి మీ బాబుకంటే చాలా విషమం, అంత వస్తుందని నేను చెప్పడం లేదు. లెక్కవేసే పద్ధతి మీకు తెలియాలని చెబుతున్నాను. సహాయకుడికి నెలకు 18,000 అవుతుందని, ఆ అవసరం జీవితాంతం ఉంటుందని తేలితే అదే లెక్కన ఆ ఒక్క పద్దే 38,88,000. దాని పక్కన ఆ ఆరు లక్షలను పెట్టి చూసుకోండి. మైనరుకు వచ్చిన సొమ్మును సాధారణంగా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు కాబట్టి అది ఇప్పటి అప్పులు తీర్చడానికి వస్తుందని మాత్రం అనుకోకండి.

ఇక కేంద్రం సంగతి. ఏడాదికి 14,40,000. స్థలం అమ్మిన డబ్బులో దాదాపు సగం మొదటి ఏడాదిలోనే పోతుంది. గాయమైన తొలి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజమే, అందుకే ఇప్పుడు గట్టిగా శిక్షణ ఇవ్వాలి. కానీ ఆ తర్వాత కోలుకోవడం ఆగిపోదు, ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. పైగా కౌమారంలో ఇంకో చిక్కు ఉంది. ఆలోచించి నిర్ణయించడం, కోపాన్ని అదుపు చేసుకోవడం వంటివి చూసే మెదడు ముందు భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అందుకని కొన్ని లోపాలు ఇప్పుడు కనిపించక, ఇంటర్ పరీక్షలప్పుడో, మొదటి ఉద్యోగంలోనో బయటపడతాయి. అప్పటికి చేతిలో డబ్బు ఉండాలి.

నా సలహా: రెండు నెలలు ఆ కేంద్రంలో ఉంచండి. 2,40,000 ఎఫ్‌డీ నుంచి ఇవ్వండి. చేర్చేముందే రెండు నెలలకు లక్ష్యాలేమిటో కాగితం మీద రాయించుకోండి. మెట్లు ఎక్కడం, పూర్తి వాక్యం మాట్లాడటం, సొంతంగా స్నానం, ఇలా. మీకూ మీవారికీ శిక్షణ ఇవ్వడం అందులో భాగమా అని అడగండి. కాదంటే వేరే చోటు చూడండి. తర్వాత ఇంటి నుంచే. ఫిజియోకు ఒక్కో సిట్టింగుకు 700 చొప్పున నెలకు 20 అనుకుంటే 14,000, స్పీచ్, ఆక్యుపేషనల్ (రోజువారీ పనులు నేర్పే) థెరపీలు ఒక్కోటి 900 చొప్పున నెలకు ఎనిమిదేసి అనుకుంటే 14,400. మొత్తం 28,400. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఉంది, వినికిడి, మాట సమస్యల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే ఉంది. ప్రైవేటులో బుక్ చేసేముందు అక్కడ ఒకసారి అడగండి.

మీ ఉద్యోగం మానకండి అమ్మా. జీతం లేని సెలవు అడగండి, సగం పూట అడగండి. 22,000 ఆగితే ఆ థెరపీ ఖర్చులో మూడొంతులకు పైగా ఆగినట్టే. అంతకంటే ముఖ్యం, ఇరవై నాలుగు గంటలూ ఒకే మనిషి మీద ఆనుకున్న ఇల్లు ఎక్కువకాలం నిలబడదు. అమ్మాయి మీద కూడా ఒక కన్నుండాలి. అన్నయ్య పనులు చేస్తూ తన చదువు మానుకోవడం మొదలుపెడుతుంది, అడగదు కూడా.

థెరపీ ఖర్చులో జీతాల నుంచి తీయలేనిది బంగారంలో కొంత కుదువపెట్టి సర్దుకోండి. అయితే వడ్డీ నెలనెలా కట్టేయండి. బంధువుల అప్పుకు నెలకు ఎంత ఇవ్వగలరో ఇప్పుడే మాట్లాడుకోండి. పీఎఫ్ చివరి దారి. స్థలం రెండో ఏడాది కోసం ఉంచండి, అవసరం తొందరపెట్టినప్పుడు అమ్మితే కొనేవాడు చెప్పిందే ధర అవుతుంది.

కంపెనీ బీమా ఈ ఏడాదికి అయిపోయింది, పునరుద్ధరించగానే మళ్లీ నిండుతుంది. అందుకే మీవారు ఇప్పుడు తొందరపడి ఉద్యోగం మారవద్దు. మీవారికి టర్మ్ బీమా ఉన్నట్టు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోవాలి. పన్ను మినహాయింపు కోసం తాపత్రయపడకండి, ఆ జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు.

డాక్టర్లు సరే అన్నాక వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్‌కు వెళ్లండి. అందులో మేధో వైకల్యం లేదా బహుళ వైకల్యం అని ఉంటే నిరామయ అనే ఆరోగ్య బీమా పథకంలో చేర్చవచ్చు, ఏడాదికి లక్ష వరకు వర్తిస్తుంది, థెరపీలకూ ఇస్తారు. పరీక్షల్లో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం అడగడానికీ అదే ఆధారం. పద్దెనిమిది నిండితే తల్లిదండ్రులు దానంతట అదే సంరక్షకులు కారు. అప్పటికి సొంతంగా నిర్ణయాలు తీసుకోలేకపోతే, సర్టిఫికెట్‌లో పై రెండు వైకల్యాల్లో ఒకటి ఉంటే, కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేయవలసి వస్తుంది. రెండేళ్ల సమయం ఉంది, గుర్తుంచుకోండి.

బాబు ఫోనులో యూపీఐ ఉంటే ప్రస్తుతానికి తీసేయండి. ఈ గాయంతో వచ్చే తొందరపాటు ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు ఖాళీ చేయించవచ్చు. అది వాడి తప్పు కాదు, తిట్టకండి. నగదు మాత్రం ఇవ్వండి. రేపు కూడా పాల ప్యాకెట్‌కు వాడినే పంపండి. 50 బదులు సరిపడా చిల్లర ఇచ్చి మొదలుపెట్టండి, వారం తర్వాత పది ఎక్కువ ఇవ్వండి. లెక్క తప్పితే కొట్టు ముందు దిద్దవద్దు, ఇంటికొచ్చాక టేబుల్ మీద నాణేలు పేర్చి ఇద్దరూ చూడండి. తేదీ వేసి, వాడేం చేశాడో రెండు వాక్యాలు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం థెరపిస్టుకు చూపించండి, ఒక ప్రతి మీ న్యాయవాదికి ఇవ్వండి.